హ్యూస్టన్ శివార్లలో ఇంటి ఏసీ మార్చడం: తుఫాను కాలానికి తట్టుకునేలా ఏది ముందు, ఏది తర్వాత

కేటీ, సైప్రెస్, షుగర్‌ల్యాండ్, పేర్‌ల్యాండ్ నుంచి వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే. "ఇల్లు పాతదైంది, సెంట్రల్ ఏసీ మార్చాలంటున్నారు, ఏ బ్రాండ్ మంచిది?" బ్రాండ్ సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. పేరున్న కంపెనీల యూనిట్లు అన్నీ ఇంచుమించు ఒక్కలాంటివే. ఇంటికి సరిపడా సైజు లెక్క వేశారా, బిగించేవాళ్ళు పని వరసగా చేశారా, బయటి యూనిట్ ఎంత ఎత్తున ఎంత గట్టిగా కూర్చుంది అన్న మూడింటి మీదే అసలు తేడా ఉంటుంది. ఈ మూడూ మీరు అడిగితే తప్ప ఎవరూ వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

ఈ మార్గదర్శి హ్యూస్టన్ చుట్టుపక్కల సొంతిల్లు ఉన్నవాళ్ళకి: అటిక్‌లో (పైకప్పు కింది అటక) ఫర్నేస్ (చలికాలం ఇల్లు వేడిచేసే యంత్రం), దాని పక్కన కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట), పెరట్లో బయటి యూనిట్ ఉండే మామూలు ఇళ్ళకి. ఫ్లోరిడాలో ఉన్నవాళ్ళకీ చాలా భాగం పనికొస్తుంది. అక్కడి లైసెన్సు సంగతి సంబంధిత చోట చెప్పాను.

1. మార్చాలా, బాగు చేయిస్తే సరిపోతుందా

ఏసీ ఆగిపోగానే మార్చేయమనేవాళ్ళు ఎక్కువ. ముందు ఏం పోయిందో తేల్చుకోండి.

కెపాసిటర్, కాంటాక్టర్, ఫ్యాన్ మోటార్ లాంటి విడిభాగాలు పోతే బాగు చేయించుకోవడమే మేలు. పదేళ్ళు దాటిన యూనిట్‌లో కంప్రెసర్ పోయినా, లోపలి కాయిల్ కారుతున్నా మార్పు గురించి ఆలోచించాలి. మీ యూనిట్ పేరు పలక మీద ఆర్-22 అని ఉంటే వేరే లెక్కలు అక్కర్లేదు. ఆ ఏసీ గ్యాస్ తయారీ, దిగుమతి అమెరికాలో 2020 జనవరి 1తోనే ఆగిపోయాయి.

"గ్యాస్ తగ్గింది, నింపుతాం" అని ఏటా చెబుతున్నారంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఏసీ గ్యాస్ వాడకంతో అయిపోయేది కాదు. కారే చోటు చూపించమనండి. చూపించకుండా నింపితే వచ్చే వేసవికి మళ్ళీ అదే బిల్లు.

తీసుకోవాల్సిన ఫోటోలు:
- బయటి యూనిట్ పేరు పలక (మోడల్, సీరియల్ నంబర్లు, గ్యాస్ రకం)
- అటిక్‌లో కాయిల్, ఫర్నేస్ పలకలు
- బ్రేకర్ ప్యానెల్, ఏసీ బ్రేకర్ మీది ఆంప్స్ అంకె
- కాయిల్ కింద నీళ్ళు పట్టే పళ్ళెం, దాని తుప్పు

ఈ ఫోటోలు దగ్గరుంటే కోట్ అడిగేటప్పుడు సగం మాట్లాడే పని తప్పుతుంది. తర్వాత బీమా క్లెయిమ్‌కీ ఇవే పనికొస్తాయి.

2. ఎప్పుడు చేయించాలి

అట్లాంటిక్ హరికేన్ కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. హ్యూస్టన్ ఎండలు మే నెలకే ముదురుతాయి. అందుకని ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య చేయించడం మంచిది. అప్పుడు మెకానిక్‌లకి తీరిక ఉంటుంది, మీకు నాలుగు చోట్ల అడిగే వ్యవధి ఉంటుంది. అక్టోబర్ చివర, నవంబర్ కూడా ఫర్వాలేదు.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చేది ఎక్కువగా వేసవిలోనే. పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగా జులైలో ఏసీ పోతే ఎవరు ఏ ధర చెప్పినా ఒప్పేసుకుంటాం. వాళ్ళకి టికెట్లు తీసే ముందే ఏసీ ఆరోగ్యం చూపించుకోండి.

2024 మేలో వచ్చిన పెనుగాలులు, జులై 8న వచ్చిన బెరిల్ హరికేన్ గుర్తుండే ఉంటాయి. బెరిల్‌కి ఈ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. అలాంటి వారాల్లో కొత్త ఏసీ కొనడం అంటే దొరికినవాడితో దొరికిన ధరకి చేయించుకోవడమే. నిజంగానే ఆ పరిస్థితి వస్తే ఒక కిటికీ ఏసీ తెచ్చుకుని ఒక గది చల్లబరుచుకోండి. ఆ వెసులుబాటుతో రెండు వారాలు ఆగి సరిగ్గా చేయించుకోవచ్చు.

3. వరద ఎత్తు, పర్మిట్, సంఘం

కోట్ అడగక ముందే ఇంటి గురించి మూడు సంగతులు తెలుసుకుని ఉండాలి.

మొదటిది వరద. ఫెమా (ఫెడరల్ విపత్తు సంస్థ) వరద పటంలో మీ చిరునామా వెతకండి, హారిస్ కౌంటీ వాళ్ళు వరద నియంత్రణ జిల్లా పటం కూడా చూడండి. ఇంటి ఎత్తు ధ్రువపత్రం (ఎలివేషన్ సర్టిఫికెట్) ఉంటే బయటికి తీయండి. అందులో యంత్రాలు ఉన్న ఎత్తుకి ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. పటంలో "వరద ప్రాంతం కాదు" అని ఉందని నిశ్చింతగా ఉండకండి. 2017లో హార్వీ హరికేన్ వచ్చినప్పుడు బార్కర్ రిజర్వాయర్ వెనక సింకో రాంచ్ వైపు ఇళ్ళలోకి కూడా నీళ్ళొచ్చాయి. పాత యజమానిని, పక్కింటివాళ్ళని అడగండి: హార్వీకి పెరట్లో నీళ్ళు ఎంతదాకా వచ్చాయి? పటం కంటే ఆ జవాబు ఎక్కువ పనికొస్తుంది.

రెండోది పర్మిట్. హ్యూస్టన్, షుగర్‌ల్యాండ్, పేర్‌ల్యాండ్ లాంటి నగరాల హద్దుల్లో ఏసీ మార్పుకి మెకానికల్ పర్మిట్ తీయాలి. కేటీ, సైప్రెస్ అని చిరునామా ఉన్నా చాలా ఇళ్ళు ఏ నగరం కిందా ఉండవు, కౌంటీ కిందే ఉంటాయి. అక్కడ పద్ధతి వేరు. మీ ఇల్లు ఎవరి కిందకి వస్తుందో పన్ను బిల్లు చూస్తే తెలుస్తుంది. పర్మిట్ తీయాల్సింది కాంట్రాక్టర్. "మీ పేరు మీద తీసుకోండి, తక్కువలో అవుతుంది" అన్నవాడిని అక్కడితో ఆపేయండి.

మూడోది ఇళ్ళ సంఘం (హెచ్‌ఓఏ). ఉన్నచోటే యూనిట్ మారిస్తే సాధారణంగా ఏమీ అనరు. ఎత్తైన స్టాండు కట్టినా, జనరేటర్ పెట్టినా, యూనిట్‌ని మరో గోడకి మార్చినా ముందుగా అనుమతి అడగాలి. ఆ జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి అన్నిటికంటే ముందు పంపాల్సిన కాగితం ఇదే.

లీగ్ సిటీ, గాల్వెస్టన్ లాంటి తీరపు చోట్ల గాలి బీమా విడిగా తీసుకునేవాళ్ళు ఇంకొకటి అడగాలి. బయటి యూనిట్ బిగింపుకి డబ్ల్యూపీఐ-8 ధ్రువపత్రం (తుఫాను గాలికి తగ్గట్టు కట్టారని చూపే పత్రం) కావాలా అన్నది పని మొదలు కాక ముందే మీ బీమా ఏజెంట్‌తో తేల్చుకోండి. పని అయ్యాక ఆ పత్రం తెచ్చుకోవడం చాలా కష్టం.

4. సైజు: టన్నుల లెక్క

ఒక టన్ను అంటే గంటకి 12,000 బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వేడిని బయటికి తోసే శక్తి. "500 చదరపు అడుగులకి ఒక టన్ను" అన్న బండ లెక్కతో కోట్ రాసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పశ్చిమ కిటికీలు, అటిక్ ఇన్సులేషన్, పైకప్పు ఎత్తు ఈ లెక్కలోకి రావు.

అడగాల్సింది మాన్యువల్ జె లెక్క. ఇంటి గదుల వారీగా కొలతలు తీసుకుని, వేసవి పగటి ఉష్ణోగ్రత హ్యూస్టన్‌కి తగినట్టు 95 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పెట్టి, లోపల 75 ఉంచడానికి ఎంత కావాలో చూపే లెక్క అది. దాని కాగితం మీ చేతికివ్వాలి. 105 అని పెట్టి లెక్క వేస్తే టన్ను అనవసరంగా పెరుగుతుంది.

పెద్దది పెడితే తప్పేముంది అనిపిస్తుంది. ఇక్కడి బాధ వేడి ఒక్కటే కాదు, ఉక్క కూడా. గాలిలోని తేమ కాయిల్ మీద నీళ్ళై కారడానికి ఏసీ కొంతసేపు ఆగకుండా నడవాలి. పెద్ద యూనిట్ ఏడెనిమిది నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోతుంది. థర్మోస్టాట్ 74 చూపిస్తుంది, ఒళ్ళు జిగటగానే ఉంటుంది, అల్మరాల్లో పట్టుచీరలకి ముక్కిన వాసన పట్టుకుంటుంది. తేమ 60 శాతం దాటకుండా, వీలైతే 50 దగ్గర ఉండాలి.

"మీ ఇళ్ళలో ఫంక్షన్లు ఎక్కువ కదా, ఒక టన్ను ఎక్కువ పెడదాం" అనే సేల్స్‌మన్ తప్పకుండా తగులుతాడు. వ్రతం రోజు నలభై మంది వస్తే ఉదయం నుంచే థర్మోస్టాట్ రెండు డిగ్రీలు తగ్గించి పెట్టుకుంటే సరి. ఏడాదికి రెండు రోజుల కోసం మిగతా రోజులు ఉక్కలో ఉండనక్కర్లేదు. మన వంటిళ్ళ తిరగమోత, రెండు పూటలా అన్నం ఆవిరి మాత్రం నిజమైన లెక్కే. దానికి మందు పెద్ద ఏసీ కాదు, పొగని ఇంటి బయటికే తోసే చిమ్నీ ఫ్యాన్.

రెండంతస్తుల ఇళ్ళలో తరచుగా పైకొకటి, కిందకొకటి ఉంటాయి. రెండూ ఒకేసారి మార్చాలన్న నియమం లేదు. ఒకటే మారిస్తే ఏది చిన్నదో గుర్తుపెట్టుకోండి, జనరేటర్ సంగతికి అది అక్కరకొస్తుంది.

5. ఏ రకం యంత్రం

దక్షిణాది రాష్ట్రాల్లో 2023 జనవరి 1 నుంచి స్ప్లిట్ సెంట్రల్ ఏసీకి కనీస సామర్థ్యం 14.3 సీర్2 (కరెంటు పొదుపు కొలత, అంకె పెరిగితే పొదుపు ఎక్కువ). 45,000 బీటీయూలు, ఆ పైన ఉన్నవాటికి 13.8. అంతకు తక్కువది "గోడౌన్‌లో మిగిలింది, చవగ్గా ఇస్తాం" అంటే వద్దనండి. ఇక్కడ తయారైన తేదీ కాదు, బిగించే తేదీయే లెక్క.

ఏసీ గ్యాస్ కూడా మారింది. ఇళ్ళ కోసం 2025 నుంచి తయారయ్యే కొత్త వ్యవస్థల్లో పాత ఆర్-410ఏ ఉండదు. కంపెనీని బట్టి ఆర్-454బి గానీ ఆర్-32 గానీ వస్తుంది. ఈ రెండింటికీ కొద్దిగా మండే గుణం ఉంది కాబట్టి చాలా కాయిల్స్‌కి కారితే పసిగట్టే సెన్సార్ ఉంటుంది. కారితే అది కంప్రెసర్‌ని ఆపి ఫ్యాన్ నడుపుతుంది. భయపడాల్సింది లేదు గానీ, ఆ సెన్సార్ తీగలు కలపకుండా వదిలేస్తే ఒప్పుకోకండి. ఆర్-410ఏ మీద నడిచే పాత బయటి యూనిట్ ఉంచి కొత్త గ్యాస్ కాయిల్ ఒక్కటే, లేదా పాత కాయిల్ ఉంచి కొత్త గ్యాస్ బయటి యూనిట్ ఒక్కటే వేసుకోవడం కుదరని పని. రెండు గ్యాస్‌లు కలవవు.

ఒకే వేగం, రెండు వేగాలు, మారే వేగం అని మూడు తరగతులుంటాయి. ఉక్క కోసం చూస్తే రెండు వేగాలది మంచి నడిమి దారి. మారే వేగం యంత్రం తేమని బాగా తీస్తుంది, కరెంటు పొదుపు చేస్తుంది, మొదలయ్యేటప్పుడు కరెంటు ఒక్కసారిగా లాగదు. కానీ దాని సర్క్యూట్ బోర్డులు ఖరీదు, పిడుగులకీ కరెంటు ఎగసిపాటుకీ త్వరగా పోతాయి. ఒక్కసారి బోర్డు పోతే ఆదా చేసిన సొమ్ము చాలా వరకు అక్కడే పోతుంది. అందుకే సర్జ్ రక్షణ (కరెంటు ఎగసిపాటుని ఆపే పరికరం) లేకుండా దాన్ని తీసుకోవద్దంటాను.

హీట్ పంప్ (చలికాలం వేడి కూడా ఇచ్చే ఏసీ) తీసుకోవాలా అని చాలామంది అడుగుతారు. హ్యూస్టన్ చలికి అది చక్కగా సరిపోతుంది. అయితే ఇంట్లో గ్యాస్ ఫర్నేస్ బాగానే ఉండి, ఫిబ్రవరి 2021 లాంటి మంచు గుర్తుంటే, ఫర్నేస్‌ని అలాగే ఉంచుకోవడంలో అర్థం ఉంది. కరెంటు లేనప్పుడు దాని ఫ్యాన్‌ని చిన్న జనరేటర్ మీద నడపవచ్చు.

ఇంటి ఏసీ, హీట్ పంప్‌లకి ఉన్న ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబర్ 31తో ముగిసింది. ఇప్పటికీ దాన్ని తగ్గించి చూపిస్తూ ధర చెప్పే కోట్‌ని నమ్మకండి.

6. కోట్లు ఎలా తీసుకోవాలి

కనీసం మూడు. ఇంటికి రాకుండా ఫోన్లో చెప్పే ధర కోట్ కాదు. వచ్చినవాడు అటిక్ ఎక్కకుండా, డక్టులు చూడకుండా, వంటింటి బల్ల దగ్గర కూర్చుని టాబ్లెట్ తీస్తే అతను వచ్చింది అమ్మడానికే.

టెక్సస్‌లో ఏసీ కాంట్రాక్టర్‌కి టీడీఎల్ఆర్ (రాష్ట్ర లైసెన్సుల శాఖ) లైసెన్సు ఉండాలి. టీఏసీఎల్ అక్షరాలతో మొదలయ్యే ఆ నంబర్ వాళ్ళ బండి మీదా, కోట్ మీదా ఉంటుంది. టీడీఎల్ఆర్ వెబ్‌సైట్‌లో వేసి చూడండి, పేరు సరిపోవాలి, గడువు దాటి ఉండకూడదు. ఫ్లోరిడాలో అయితే డీబీపీఆర్ (అక్కడి లైసెన్సుల శాఖ) వెబ్‌సైట్, సీఏసీతో మొదలయ్యే నంబర్. గ్యాస్ ముట్టుకునే మెకానిక్‌కి ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) 608 ధ్రువీకరణ తప్పనిసరి.

కోట్‌లో ఇవి రాతపూర్వకంగా ఉండాలి:
- బయటి యూనిట్, కాయిల్, ఫర్నేస్ పూర్తి మోడల్ నంబర్లు, వాటి జోడీకి ఏహెచ్ఆర్ఐ నంబర్ (ఆ జోడీ సామర్థ్యం నమోదైందని చూపేది)
- మాన్యువల్ జె లెక్క
- రాగి గొట్టాలు కొత్తవా పాతవా
- కొత్త పళ్ళెం, ఫ్లోట్ స్విచ్ (పళ్ళెంలో నీళ్ళు నిలిస్తే ఏసీని ఆపేది), డ్రెయిన్ పైపు
- దిమ్మె, స్టాండు ఎత్తు, బిగింపు పట్టీలు
- కొత్త డిస్‌కనెక్ట్ పెట్టె (బయటి యూనిట్‌కి కరెంటు ఆపే స్విచ్ పెట్టె), బ్రేకర్, సర్జ్ రక్షణ
- పర్మిట్ ఖర్చు ఎవరిది
- విడిభాగాల వారంటీ ఎన్నేళ్ళు, కూలీ వారంటీ ఎన్నేళ్ళు

ఆఖరిదాన్ని చాలామంది చూడరు. పదేళ్ళ వారంటీ అనేది విడిభాగాలకే. కూలీకి తరచుగా ఒకటి రెండేళ్ళే ఉంటుంది.

తుఫాను వెళ్ళాక తలుపు కొట్టి వచ్చేవాళ్ళు వేరే జాతి. "ఈ రోజు సంతకం పెడితేనే ఈ ధర" అంటారు. మీరు పిలవకుండా ఇంటికొచ్చి అమ్మితే, మూడు పనిదినాల్లోపు రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ నియమం కింద ఉంది. అలాంటి చోట మొత్తం ముందుగా ఎప్పుడూ కట్టకండి.

7. బయటి యూనిట్: ఎత్తు, పట్టీలు

తుఫాను ప్రాంతానికీ మామూలు ప్రాంతానికీ అసలు తేడా ఈ మెట్టులోనే. పాత యూనిట్ తీసి, అదే పల్చటి ప్లాస్టిక్ దిమ్మె మీద కొత్తది కూర్చోబెట్టి వెళ్ళిపోవడం ఇక్కడి అలవాటు. గట్టి గాలికి యూనిట్ జరుగుతుంది, వరద వస్తే తేలి పక్కకి పోతుంది. జరిగితే చాలు, రాగి గొట్టం విరిగి గ్యాస్ అంతా పోతుంది.

ముందు ఎత్తు నిర్ణయించండి. వరద ప్రాంతంలో ఉంటే నగరమో కౌంటీయో చెప్పిన ఎత్తు తప్పదు. హ్యూస్టన్ నగరం తన నియమాలని హార్వీ తర్వాత 2018లో గట్టిపరిచింది, కొత్త నిర్మాణాలకి 500 ఏళ్ల వరద మట్టానికి పైన మరో 2 అడుగులు అడుగుతుంది. నియమం లేని చోట నా లెక్క ఇది: హార్వీకి మీ పెరట్లో నీళ్ళు నిలిచిన గీత మీద ఇంకో అడుగు. నీళ్ళే రాకపోతే నేల మీద నుంచి 4 నుంచి 6 అంగుళాల కాంక్రీట్ దిమ్మె చాలు.

రెండు అడుగులకి మించి లేపాలంటే గాల్వనైజ్డ్ ఇనుప స్టాండు గానీ, శుద్ధి చేసిన కలప వేదిక గానీ కట్టించాలి. కాళ్ళు కాంక్రీట్‌లో దిగాలి. ఉట్టి సిమెంట్ బ్లాకులు పేర్చి దాని మీద పెట్టేస్తే అది ఎత్తు కాదు, ప్రమాదం.

యూనిట్‌ని లేపి, డిస్‌కనెక్ట్ పెట్టెని గోడ మీద పాత ఎత్తులోనే వదిలేయడం తరచుగా కనిపించే తప్పు. నీళ్ళు ముందు దాన్నే ముంచుతాయి. అదీ పైకెక్కాలి.

తర్వాత పట్టీలు. నాలుగు మూలలా తుప్పు పట్టని పట్టీలు, కాంక్రీట్‌లోకి యాంకర్ బోల్టులు. యూనిట్ వైపు స్క్రూలు ఎక్కడ వేయాలో కంపెనీ పుస్తకంలో బొమ్మ ఉంటుంది. ఎక్కడపడితే అక్కడ వేస్తే స్క్రూ లోపలి కాయిల్‌ని పొడిచేస్తుంది. ఫ్లోరిడాలో ఈ బిగింపు నిర్మాణ నియమావళిలోనే ఉంది. ఇక్కడ శివార్లలో మీరే అడిగి చేయించుకోవాలి, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

చోటు చూసుకోండి. పైన ఐదడుగులు ఖాళీ, పక్కల కంపెనీ చెప్పినంత ఖాళీ ఉండాలి. మునగ చెట్టు మీద మమకారంతో యూనిట్‌కి ఆనించి పెంచేవాళ్ళున్నారు. మునగ కొమ్మ పెళుసు, మొదటి గాలికే ఫ్యాన్ మీద పడుతుంది. దాన్ని కంచె వైపు నాటుకోండి. తీరానికి దగ్గరగా ఉంటే ఉప్పు గాలికి తట్టుకునే పూత ఉన్న కాయిల్ అడగాలి. కేటీ, సైప్రెస్ వాళ్ళకి ఆ ఖర్చు అక్కర్లేదు.

8. అటిక్‌లో పని: డక్టులు, డ్రెయిన్

బయటి యూనిట్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి అక్కడ పని బాగానే చేస్తారు. అటిక్‌లో వేసవిలో 120 డిగ్రీలు దాటే వేడి, ఎవరూ చూడరు. అక్కడే పని చెడుతుంది.

డక్టుల కీళ్ళని టేపుతో కాదు, మాస్టిక్ అనే గుజ్జుతో పూయించాలి. టేపు ఈ వేడికి ఊడిపోతుంది. వెనక్కి గాలి లాగే రిటర్న్ గ్రిల్ చాలా ఇళ్ళలో చిన్నది. టన్నుకి 350 నుంచి 400 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి లాగాలి. మన ఉక్కకి 350 వైపు ఉంచితే తేమ బాగా పోతుంది. రిటర్న్ ఇరుకైతే ఎంత ఖరీదైన యంత్రమైనా ఎగశ్వాసతో నడుస్తుంది. డక్టులోని గాలి ఒత్తిడి కొలిచి అంకె చెప్పమనండి. చాలా యంత్రాలకి నీటి మట్టం కొలతలో 0.5 అంగుళాల దగ్గర ఉండాలి, 0.8, 0.9 వస్తే రిటర్న్ పెంచాల్సిందే.

ఫిల్టర్ విషయంలో ఒక అంగుళం మందంలో మెర్వ్ 13 (సన్నని దుమ్మునీ ఆపే చిక్కటి రకం) పెట్టి గాలి ఆపేసుకోకండి. మార్చేటప్పుడే నాలుగు అంగుళాల ఫిల్టర్ పెట్టె వేయించుకుంటే సరిపోతుంది.

ఇక డ్రెయిన్. ఉక్క రోజున కాయిల్ నుంచి బకెట్ల కొద్దీ నీళ్ళు కారతాయి. అవి పోయే పైపు మూసుకుంటే కింది గది సీలింగ్ కూలుతుంది. సరైన అమరిక ఇలా ఉండాలి:
- మొదటి పైపుకి ట్రాప్ (నీళ్ళు నిలిచే వంపు), శుభ్రం చేయడానికి మూతతో టీ గొట్టం, అడుగుకి ఎనిమిదో వంతు అంగుళం చొప్పున వాలు
- కాయిల్ కింద కొత్త పళ్ళెం. తుప్పు పట్టిన పాతది ఉంచనివ్వకండి
- పళ్ళెంలో ఫ్లోట్ స్విచ్, నీళ్ళు నిలిస్తే ఏసీ ఆగిపోయేలా
- పళ్ళెం పైపు బయట కిటికీ పైన, కంటికి కనిపించే చోట తెరుచుకోవాలి

ఆ కిటికీ పైన ఎప్పుడైనా చుక్కలు పడితే మొదటి పైపు మూసుకుందని అర్థం. ఇంట్లో అందరికీ ఆ పైపు చూపించి పెట్టండి, అమ్మానాన్నలకి కూడా. పగలు పెరట్లో తిరిగేది వాళ్ళే.

9. కరెంటు పోయినప్పటి ఏర్పాటు

కొత్త యూనిట్ పలక మీద గరిష్ఠ బ్రేకర్ ఎంతో రాసి ఉంటుంది. పాతది 50 ఆంప్స్ మీద నడిచి, కొత్తదానికి గరిష్ఠం 35 అని ఉంటే బ్రేకర్ మార్చాలి. మార్చకుండా వదిలేయడం చాలా మామూలు, ఇన్‌స్పెక్టర్ మొదట పట్టుకునేదీ ఇదే.

సర్జ్ రక్షణ రెండు చోట్ల పెట్టించండి: ఇంటి ప్యానెల్ దగ్గర ఒకటి, బయటి యూనిట్ దగ్గర ఒకటి. తుఫాను తర్వాత కరెంటు వస్తూ పోతూ ఉన్నప్పుడే బోర్డులు ఎక్కువగా కాలతాయి.

జనరేటర్ మీద సెంట్రల్ ఏసీ నడపాలనుకుంటే సాఫ్ట్ స్టార్టర్ వేయించాలి. ఒకే వేగం కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో నడిచేటప్పటికి నాలుగైదు రెట్ల కరెంటు లాగుతుంది. సాఫ్ట్ స్టార్టర్ ఆ గుంజుడుని బాగా తగ్గిస్తుంది. మారే వేగం యంత్రానికి ఇది అక్కర్లేదు. రెండు ఏసీలున్న ఇంట్లో చిన్నదానికి వేయిస్తే చాలు, ఆ అంతస్తులో అందరూ సర్దుకోవచ్చు.

జనరేటర్‌ని ఇంటి తీగలకి కలపాలంటే ఎలక్ట్రీషియన్‌తో ఇంటర్‌లాక్ గానీ ట్రాన్స్‌ఫర్ స్విచ్ గానీ (బయటి కరెంటు, జనరేటర్ రెండూ ఒకేసారి కలవకుండా ఆపేవి) పెట్టించాలి. రెండు వైపులా పిన్నులున్న తీగతో గోడ సాకెట్‌లోకి గుచ్చడం లైన్‌మన్ ప్రాణం తీసే పని. జనరేటర్ గరాజ్‌లో, తలుపు తెరిచి ఉన్నా సరే, నడపకూడదు. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం అటువైపు తిప్పి ఉంచాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రతి అంతస్తులో ఉండాలి.

ఇంత ఖర్చు వద్దనుకుంటే 5,000 బీటీయూల కిటికీ ఏసీ ఒకటి, చిన్న ఇన్వర్టర్ జనరేటర్ ఒకటి చాలు. ఒక పడకగదిలో కుటుంబమంతా పడుకోవచ్చు. నిజం చెప్పాలంటే చాలా ఇళ్ళకి నేను చెప్పేది ఇదే.

10. బిగించే రోజు: వరస

ఆ రోజు ఇంట్లో ఉండండి. పక్కన నిలబడి పాఠాలు చెప్పనక్కర్లేదు, ఈ వరస జరుగుతోందా అని చూస్తే చాలు.

1) పాత యూనిట్‌లోని గ్యాస్‌ని యంత్రంతో సిలిండర్‌లోకి తీయాలి. గాలిలోకి వదలడం చట్టవిరుద్ధం.
2) రాగి గొట్టాలు గోడ లోపల ఉండి మార్చలేకపోతే కడిగి, ఒత్తిడి పరీక్ష చేయాలి. మార్చగలిగితే కొత్తవే మేలు.
3) గొట్టాలు వెల్డు చేసేటప్పుడు లోపల నైట్రోజన్ పారుతూ ఉండాలి. లేకపోతే లోపల మసి కట్టి తర్వాత వాల్వుని మూసేస్తుంది.
4) కొత్త ఫిల్టర్ డ్రయర్ (గొట్టాల్లో తేమ, మురికి పట్టేది) వేయాలి.
5) నైట్రోజన్ నింపి ఒత్తిడి నిలబడుతోందా చూడాలి. ఐదు నిమిషాలు సరిపోదు.
6) వాక్యూమ్ పంపుతో గొట్టాల్లో గాలి తీసి, ఒత్తిడిని 500 మైక్రాన్ల (వాక్యూమ్ కొలత) కిందికి దించాలి. పంపు ఆపాక అంకె గబగబా పైకి ఎగబాకకూడదు.
7) గొట్టం పొడవుని బట్టి గ్యాస్‌ని తూకం వేసి కలపాలి.
8) ఫ్యాన్ వేగం సరిచేసి, సెన్సార్, ఫ్లోట్ స్విచ్ పరీక్షించాలి.

ఆరో మెట్టు దగ్గరే తొందరపడతారు. "మైక్రాన్ గేజ్ ఫోటో పంపండి" అని ఉదయమే మర్యాదగా చెప్పి ఉంచండి. ఫోటో అడుగుతారని తెలిస్తే గేజ్ బండిలోంచి బయటికొస్తుంది.

11. ఆఖరి చెక్కు ఇచ్చే ముందు

- రిటర్న్ గ్రిల్ దగ్గర, గాలి వచ్చే గ్రిల్ దగ్గర ఉష్ణోగ్రత తేడా 16 నుంచి 22 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉందా
- పళ్ళెంలో మగ్గుడు నీళ్ళు పోస్తే ఏసీ ఆగిందా
- యూనిట్‌ని చేత్తో నెట్టితే కదలకుండా ఉందా
- లావు రాగి గొట్టం మీద ఇన్సులేషన్ ఖాళీ లేకుండా ఉందా
- పర్మిట్ తనిఖీ అయిందా, కాగితం చేతికొచ్చిందా
- మోడల్ నంబర్లు కోట్‌లో ఉన్నవేనా

వారంటీ నమోదు మీరే చేయండి. చాలా కంపెనీలు 60 లేదా 90 రోజుల గడువు పెడతాయి. దాటితే పదేళ్ళు కాస్తా ఐదేళ్ళవుతుంది.

12. తర్వాత వచ్చే ఇబ్బందులు, సవరణలు

చల్లగా ఉంది, జిగటగా ఉంది: ముందు థర్మోస్టాట్‌లో ఫ్యాన్ "ఆన్"లో ఉందేమో చూడండి. "ఆటో"లో ఉండాలి. ఆన్‌లో ఉంటే కాయిల్ మీది నీళ్ళని ఫ్యాన్ మళ్ళీ ఇంట్లోకే ఊదుతుంది. అది కాకపోతే ఫ్యాన్ వేగం తగ్గించమనండి.

పైగది ఒక్కటే వేడి: యూనిట్‌ది కాదు తప్పు, డక్టుది. ఊడిపోయిందా, నలిగిందా అటిక్‌లో చూడాలి.

కాయిల్ మంచు కట్టింది: ఆపేసి ఫ్యాన్ మాత్రం నడపండి, ఫిల్టర్ చూడండి. ఫిల్టర్ బాగుంటే గ్యాస్ తక్కువై ఉండొచ్చు. వారంటీ కింద పిలవండి.

డ్రెయిన్ తరచూ మూసుకుంటోంది: వేసవిలో నెలకోసారి టీ గొట్టంలో కప్పు వెనిగర్ పోయండి.

13. హరికేన్ వస్తోందన్నప్పుడు, వెళ్ళాక

రావడానికి ముందు రోజు ఇంటిని బాగా చల్లబరచండి, కరెంటు పోయినా కొన్ని గంటలు కాపాడుతుంది. పెరట్లో కుర్చీలు, కుండీలు, తులసికోట పక్కన పెట్టిన సామాన్లు లోపలికి తెచ్చేయండి, ఎగిరి తగిలేది అవే. గాలి ముదరక ముందే థర్మోస్టాట్ దగ్గరా, బ్రేకర్ దగ్గరా ఏసీ ఆపేయండి. యూనిట్ మీద టార్పాలిన్ కప్పితే ఏసీ మొదలుపెట్టే ముందు అది తీయాలని తలుపు మీద చీటీ అంటించుకోండి.

వెళ్ళాక కరెంటు రాగానే స్విచ్ వేయకండి. అరగంటైనా నిలకడగా ఉందని చూసి, యూనిట్ చుట్టూ కొమ్మలు తీసి, గొట్టాలు వంగలేదని చూసుకుని అప్పుడు బ్రేకర్ వేయండి. కాయిల్‌కి అంటుకున్న ఆకుల్ని మామూలు తోట పైపుతో కడగండి, ప్రెషర్ వాషర్ వద్దు.

యూనిట్ మునిగితే ఎండినట్టు కనిపించినా వేయకండి. బ్రేకర్ ఆపే ఉంచి మెకానిక్‌ని పిలవండి. నీటిలో మునిగిన ఫర్నేస్ గ్యాస్ వాల్వుని శుభ్రం చేసి వాడకూడదు, మార్చాలి. నీటి గీత కనిపించేలా ఫోటోలు తీశాకే ఏదైనా కడగండి. మామూలు ఇంటి బీమా వరద నష్టం ఇవ్వదు. వరద బీమా వేరు, దాని భవనం భాగంలో సెంట్రల్ ఏసీ వస్తుంది. అది తీసుకున్న రోజు నుంచి అమల్లోకి రావడానికి సాధారణంగా 30 రోజులు పడుతుంది కాబట్టి ఏప్రిల్‌లో ఏసీ పని అయ్యేసరికి ఆ పాలసీ కూడా చేతిలో ఉండాలి.